ఇంట్లో మిషను, అవతల డాక్టర్: టెలికేర్‌ని నమ్ముకోవచ్చా?

చిన్నోడు:
అమ్మకి హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె రక్తాన్ని సరిగ్గా పంప్ చేయలేకపోతోంది. రెండోసారి డిశ్చార్జ్ చేస్తూ ఆస్పత్రివాళ్లు టెలికేర్ ప్యాకేజీ తీసుకోమన్నారు. బరువు మిషను, బీపీ మిషను, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే ఆక్సీమీటరు, ఆపదలో నొక్కడానికి మెళ్లో వేసుకునే అలారం బటన్ ఇస్తారు. రీడింగులు వాటంతటవే సెంటర్‌కి వెళ్లిపోతాయట. "ఇక మాటిమాటికీ రానక్కర్లేదు" అన్నారు. అన్నయ్య తీసుకుందామంటున్నాడు. మనిషిని ముట్టుకోకుండా వైద్యమేంటని నా అనుమానం. మీరేమంటారు?

నైట్‌డ్యూటీ:
తీసుకోండి. నేను అలాంటి సెంటర్‌లో నర్సుని. ఈ జబ్బులో ఆయాసం కన్నా ముందు తరచుగా బరువు పెరుగుతుంది. అది కొవ్వు కాదు, ఒంట్లో చేరే నీరు. మూడు రోజుల్లో రెండు కిలోలు దాటితే మాకు గంట మోగినట్టే. ఒకరికి స్క్రీన్ మీద 70.2, 71, 72.4 అని కనబడితే వెంటనే ఫోన్ చేస్తాను. "చెప్పులు బిగుతుగా ఉన్నాయా? రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుని పడుకున్నారు?" అని అడుగుతాను. నీరు చేరితే కాళ్లు వాస్తాయి, తల ఎత్తుగా పెట్టుకోకపోతే ఆయాసం వస్తుంది. నిన్నటిదాకా ఒకటి, ఇవాళ మూడు అంటే డాక్టర్‌కి లైన్ కలిపేస్తాను. ఆయన నీరు లాగే మాత్ర డోసు పెంచుతారు. చాలాసార్లు ఆస్పత్రి దాకా రాకుండానే సర్దుకుంటుంది.

లెక్కలమాస్టారు:
నైట్‌డ్యూటీ గారి అనుభవాన్ని కాదనను. కానీ అనుభవం వేరు, రోగుల్ని రెండు గుంపులు చేసి పోల్చి చూసే ట్రయల్ వేరు. అమెరికాలో 1,653 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగులతో చేసిన టెలీ-హెచ్ఎఫ్ అనే ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి. రోజూ ఆటోమేటిక్ ఫోన్ లైన్‌కి కాల్ చేసి బరువు, లక్షణాలు చెప్పాలి. ఆరు నెలల తర్వాత చూస్తే మళ్లీ ఆస్పత్రిలో చేరినవాళ్లలో గానీ, చనిపోయినవాళ్లలో గానీ తేడా లేదు. పైగా ఏడుగురిలో ఒకరు ఒక్కసారి కూడా కాల్ చేయలేదు!

ఇంగ్లండ్ ట్రయల్ కూడా చూడండి. అందులో 3,230 మంది దీర్ఘరోగులున్నారు. ఏడాదిలో మరణాలు మిషన్లున్నవాళ్లలో 4.6 శాతం, లేనివాళ్లలో 8.3 శాతం. అబ్బో అనిపిస్తుంది కదా? తర్వాత ఖర్చు లెక్క కడితే, ఆరోగ్యంగా గడిపే ఒక్క ఏడాది అదనంగా రావాలంటే దాదాపు 92,000 పౌండ్లు తేలింది. అప్పట్లో అక్కడ మామూలుగా ఒప్పుకునేది 20 నుంచి 30 వేలు.

నైట్‌డ్యూటీ:
మాస్టారూ, సగమే చెప్పారు. జర్మనీలో 1,571 మందితో చేసిన టిమ్-హెచ్ఎఫ్2 అనే ట్రయల్ సంగతేంటి? 2018లో వచ్చింది. అనుకోకుండా ఆస్పత్రి పాలవడం వల్లో, చనిపోవడం వల్లో పోయిన రోజులు మామూలు వైద్యంలో 6.64 శాతం, టెలికేర్‌లో 4.88 శాతం. ఏడాదికి లెక్కేస్తే సుమారు 24 రోజులు ఎక్కడ, 18 ఎక్కడ! మరణాలూ తగ్గాయి.

జబ్బు అదే. తేడా అవతలి మనిషిలో ఉంది. మీరు చెప్పిన అమెరికా ట్రయల్‌లో ఫోన్ ఎత్తేది రికార్డింగు, వైద్య సిబ్బంది పనిదినాల్లోనే చూసేవారు. జర్మనీలో డాక్టర్లు, నర్సులు 24 గంటలూ కూర్చున్నారు.

గోడమీదపిల్లి:
మిషన్లని మరీ నమ్మకండి బాబూ. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ బీపీ చూసుకుంటే ఎక్కువే చూపిస్తుంది. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. ఆక్సీమీటరుకి వేళ్లు చల్లగా ఉన్నా ఇబ్బందే. నల్లటి చర్మం ఉన్నవాళ్లకి అది ఆక్సిజన్‌ని ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చని 2020లో వచ్చిన ఒక పరిశీలన కూడా చెప్పింది. ఇక నీరు చేరిందేమోనని బొటనవేలితో కాలు నొక్కి గుంట పడుతోందా లేదా చూడటం వీడియోలో కుదిరే పని కాదు.

లెక్కలమాస్టారు:
మెళ్లో బటన్ సంగతి మర్చిపోయారు. 90 ఏళ్లు దాటినవాళ్ల మీద కేంబ్రిడ్జ్‌లో చేసిన పరిశీలనలో, అలారం ఉండి కూడా ఒంటరిగా పడిపోయి లేవలేకపోయినవాళ్లలో 80 శాతం మంది దాన్ని నొక్కలేదు. కొందరు మెళ్లో వేసుకోనేలేదు, కొందరికి ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఇష్టం లేదు. మా ఇంటి పెద్దవాళ్లకీ అదే మొహమాటం.

నైట్‌డ్యూటీ గారూ, జర్మనీ ఫలితం ఒప్పుకుంటాను. అన్ని గంటల జీతాలు ఎవరు కడతారన్నది మాత్రం అలాగే ఉంది.

చిన్నోడు:
ఇదంతా చదివి సెంటర్‌కి ఫోన్ చేశా. సాయంత్రం ఆరు తర్వాత వచ్చే రీడింగులు మర్నాడు పొద్దున చూస్తారట. ఆదివారం సెలవు. డోసు మార్చాలంటే మాత్రం ఆస్పత్రికి రావాల్సిందేనట.

గోడమీదపిల్లి:
అయితే టెలికేర్ వద్దనే తేలిందా?

నైట్‌డ్యూటీ:
ఈ ప్యాకేజీ వద్దు. ఆదివారం ఎవరూ చూడనప్పుడు ఆ అంకెలు ఎవరికోసం?

చిన్నోడు గారూ, మంచి బరువు మిషను ఒకటి మీరే కొనండి. రోజూ పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, రోజూ ఒకేలాంటి బట్టలతోనే చూసి అమ్మగారి చేతే పుస్తకంలో రాయించండి. ఎంత పెరిగితే మాత్ర ఎంత పెంచాలో, ఎవరికి ఫోన్ చేయాలో ముందే డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి. కిడ్నీ పరీక్ష, రక్తంలో పొటాషియం పరీక్ష ఎన్నాళ్లకోసారి చేయించాలో కూడా అందులోనే ఉండాలి. ఆ కాగితంలో రాసింది దాటి డోసు మాత్రం మీ అంతట మీరు పెంచకండి. ఆయాసం కదలకుండా కూర్చున్నా తగ్గకపోతే ఫోన్లు, మిషన్లు పక్కన పెట్టి అంబులెన్స్ పిలవండి.