తెల్లజుట్టుకు రంగు మానేస్తే నన్ను నేను వదిలేసుకున్నట్టా?

పాపిటగీత (చర్చ మొదలుపెట్టినవారు)

నాకు 49. 17 ఏళ్లుగా మూడు వారాలకోసారి తలకి రంగు వేసుకుంటూ వచ్చాను. ఏడాదికి 17 సార్లు, అలా 17 ఏళ్లు. మొన్న కూర్చుని లెక్క వేస్తే 289 ఆదివారాలు వచ్చాయి. చెవి అంచుకి అంటిన నలుపుని నూనె ముంచిన దూదితో రుద్దడం, తలదిండు గలీబు మీద మరకలు, రంగు వేసుకునే రోజు మాత్రమే తొడుక్కునే ఆ పాత చొక్కా... అన్నీ అలవాటైపోయాయి.

ఐదు నెలల క్రితం ఆపేశాను. ఇప్పుడు పాపిటకి అటూ ఇటూ ఐదు సెంటీమీటర్లు తెలుపు, అక్కడి నుంచి భుజాల దాకా పాత రంగు, అదీ ఎర్రబారిపోయింది. మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత.

పోయిన వారం ఆఫీసులో, ఎన్నో ఏళ్లుగా నాతో పనిచేస్తున్న స్నేహితురాలు నన్ను పక్కకి పిలిచి, "ఒంట్లో బాగుండట్లేదా? ఇంట్లో ఏమైనా ఇబ్బందా? నిన్ను నువ్వు బొత్తిగా పట్టించుకోవట్లేదు" అంది. ప్రేమతోనే అడిగింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజానికి ఈ ఐదు నెలల్లో నన్ను నేను చూసుకున్నంత ఎప్పుడూ చూసుకోలేదు. పొద్దున్నే నడుస్తున్నాను. ఒంటికి బిగుసుకుపోయే బట్టలన్నీ ఇచ్చేసి, హాయిగా ఉన్నవే ఉంచుకున్నాను. మెడ దగ్గర గుచ్చుకునే నైలాన్ బట్ట ముట్టుకోవడం లేదు, ఒక్కసారిగా ఒళ్లంతా ఆవిర్లు వచ్చినప్పుడు అది భరించలేను. ఇవేవీ ఆమెకి కనిపించలేదు. తల ఒక్కటే కనిపించింది.

మీరేమంటారు? ఈ వయసులో రంగు మానేయడం అశ్రద్ధా? లేక వేసుకోవడమే మన వయసుని మనం ఒప్పుకోకపోవడమా? మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

నీలిగాజు

ఉన్నది ఉన్నట్టే చెప్తాను. నాకు 52. నేను మానను. మానమని మీకూ చెప్పను.

ఉద్యోగం పోయి తొమ్మిది నెలలైంది. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చునేవాళ్లు నా అనుభవం చదవడానికి ముందే నా తల చూస్తారు. 2022లో కెనడాలో సీటీవీ జాతీయ వార్తలు చదివే లీసా లాఫ్లామ్‌కి ఉద్వాసన చెప్పారు, గుర్తుందా? అప్పటికి ఆవిడకి 58 ఏళ్లు, ఆ సంస్థలో దాదాపు 35 ఏళ్ల పని. కరోనా రోజుల్లో రంగు మానేసి తెల్లజుట్టుతోనే తెర మీదికి వచ్చింది. సంస్థ వ్యాపార నిర్ణయమంది. జుట్టే కారణమని నేను తేల్చి చెప్పలేను. కానీ ఆ వార్త విన్న ఆడవాళ్లలో ఎంతమందికి ముందు జుట్టే గుర్తొచ్చిందో చూడండి. అంత పేరున్న మనిషి విషయంలోనే అలా అనుకోవాల్సి వస్తే, నాలాంటిది ఏం చేయాలి?

నాకు రంగు అలంకారం కాదు, పని తెచ్చిపెట్టే సామాను.

వానాకాలం

ఎవరి తల వాళ్లిష్టం. దీనికింత చర్చ ఎందుకో నాకు అర్థం కావట్లేదు.

పాపిటగీత

వానాకాలం గారూ, ఎవరిష్టం వాళ్లదే అయితే నా స్నేహితురాలు నన్ను పక్కకి పిలిచేది కాదండీ.

చిత్తుప్రతి

మగవాణ్ణి. మాట్లాడొచ్చో లేదో తెలియదు, అయినా చెప్పాలనిపించింది. నాకు 51. 43 దాటేసరికే జుట్టు సగం తెల్లబడింది. ఒంట్లో బాగాలేదా అని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. పైగా మీటింగుల్లో నా మాటకి బరువు పెరిగింది. మా ఆవిడకి నాకన్నా తక్కువే నెరిసింది, ఆమె మాత్రం నెల తప్పకుండా రంగు వేసుకుంటుంది.

మన భాషే చూడండి. 'ఆ విద్యలో తలపండినవాడు' అంటే పొగడ్త. 'తలపండినావిడ' అని ఎవరినైనా పొగడగా విన్నారా? నేను వినలేదు. మీ పోస్టు చదివేదాకా ఆ సంగతి నాకు తట్టనే లేదు, అందుకు సిగ్గుగా ఉంది.

కత్తెరపని

20 ఏళ్లకు పైగా సెలూన్‌లో పనిచేస్తున్నాను. పాపిటగీత గారి ప్రశ్న నా కుర్చీలో వారానికి రెండు మూడుసార్లు వింటాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. బూడిదరంగు వెంట్రుక అంటూ విడిగా ఏదీ లేదు. కుదురులో రంగు తయారుచేసే కణాలు తగ్గిపోతూ, చివరికి పని ఆపేస్తే వెంట్రుక తెల్లగా వస్తుంది. తెల్లవీ నల్లవీ కలిసి ఉన్నచోట మన కంటికి బూడిదరంగు కనిపిస్తుంది. అందుకే ఒకరి నెరుపు ఇంకొకరిలా ఉండదు. మీది ఎలా ఉంటుందో మీరు ఇంకా చూడనే లేదు.

రెండోది, జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. భుజాల దాకా ఉన్న జుట్టు మొత్తం మారాలంటే రెండేళ్లు దాటుతుంది. మానేసినవాళ్లలో ఎక్కువమంది ఆరో నెల, ఏడో నెలలో వెనక్కి వచ్చేస్తారు. నా అనుభవంలో వాళ్లని వెనక్కి లాగేది తెలుపు కాదు, ఆ గీత. మీ స్నేహితురాలు చూసిందీ అదే. పూర్తిగా తెల్లబడ్డ తలని చూసి 'ఈవిడ ఇలా ఉండాలనుకుంది' అనుకుంటారు. గీత కనిపిస్తే 'వేసుకోవడానికి తీరిక దొరకలేదు పాపం' అనుకుంటారు.

మీ జుట్టులో మిగిలిన పాత రంగు కడిగితే వదిలే రకం కాదు. పర్మనెంట్ డైలో అమ్మోనియా వెంట్రుక పైపొరని ఉబ్బించి తెరుస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ లోపలున్న సహజ రంగుని పలచన చేసి, డైలోని చిన్న చిన్న అణువులని కలిపి పెద్దవిగా మారుస్తుంది. అంత పెద్దవయ్యాక అవి బయటికి రాలేవు. కాబట్టి పెరగనిచ్చి కత్తిరించుకోవడమే దారి. లేదంటే రంగున్న భాగంలో సన్నటి పాయలు తీసి బ్లీచ్‌తో లేత చేయించుకోవచ్చు. గీత కలిసిపోతుంది కానీ జుట్టు పొడిబారుతుంది, మరీ సన్నటి జుట్టయితే నేను వద్దంటాను. అంతదాకా పాపిట తిన్నగా కాకుండా వంకరటింకరగా తీయండి. రేపటి నుంచే తేడా తెలుస్తుంది.

తెల్లజుట్టుకి రంగు మానేస్తే చాకిరీ తప్పుతుందనుకోవద్దు. బిరుసుగా ఉంటుంది, ఎండకీ ఇస్త్రీ వేడికీ పసుపు తిరుగుతుంది. వారానికోసారి ఊదారంగు షాంపూ వాడితే ఆ పసుపు తగ్గుతుంది. రోజూ వాడితే ఊదా అంటుకుంటుంది, జాగ్రత్త. ఇంకొకటి, జుట్టు తెల్లబడ్డాక పాత బట్టలు కొన్ని ముఖాన్ని వెలవెలబోయేలా చేస్తాయి. ఒక్కొక్కటీ గడ్డం కింద పట్టుకుని కిటికీ వెలుగులో చూసుకోండి, బాత్రూమ్ లైటు కింద కాదు.

సాయంత్రంనడక

ఇంత చెప్పారు, అసలు సంగతి చెప్పలేదు. రంగు వేసుకుంటే క్యాన్సర్ వస్తుంది. మానేయడమే మంచిది.

కత్తెరపని

అంత తేలిగ్గా అనేయకండి, భయపడేవాళ్లుంటారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో ప్రచురించిన అంచనాలో, సొంతానికి రంగు వేసుకోవడం వల్ల క్యాన్సర్ వస్తుందో రాదో తేల్చడానికి ఆధారాలు చాలవని ఉంది. వృత్తిగా రోజంతా ఆ రసాయనాల మధ్య ఉండే క్షౌరవృత్తివాళ్ల పనిని మాత్రం 'బహుశా క్యాన్సర్ కారకం' అనే వర్గంలో పెట్టారు. అంటే ఆ భయం కుర్చీలో కూర్చున్నవాళ్లకన్నా వెనక నిలబడే నాకు ఉండాలి. గ్లవ్స్ లేకుండా నేను గిన్నె ముట్టుకోను.

ఎడమచెయ్యి

క్యాన్సర్ సంగతి ఏమో కానీ ఎలర్జీ సంగతి నన్నడగండి.

పదేళ్లుగా అదే డబ్బా, అదే రంగు. 46వ ఏట ఒక రాత్రి చెవుల వెనక దురద మొదలైంది. తెల్లారేసరికి నుదురు వాచి కళ్ల మీదికి దిగింది, రెప్పలు వేళ్లతో విడదీసుకుని చూడాల్సి వచ్చింది. ఆసుపత్రికి నడిపించుకుని తీసుకెళ్లారు. పారాఫెనిలిన్‌డయమిన్ పడట్లేదని పరీక్షలో తేలింది, పీపీడీ అంటారు. నల్లటి పర్మనెంట్ డైలలో ఎక్కువగా ఉండేది అదే. ఇన్నేళ్లు పడింది కదా అంటే, ఎలర్జీ ఎప్పుడైనా మొదలవ్వచ్చని, ఒకసారి మొదలైతే సాధారణంగా పోదని డాక్టరు చెప్పారు.

'అమ్మోనియా లేదు' అని డబ్బా మీద ఉంటే పీపీడీ లేదని కాదు. 'బ్లాక్ హెన్నా' పేరుతో అమ్మేవాటిలోనూ కలుపుతారు. అచ్చమైన హెన్నా ఎర్రగా పండుతుంది తప్ప నల్లగా పండదు. వేసుకునేవాళ్లు ప్రతిసారీ 48 గంటల ముందు చర్మం మీద కొద్దిగా రాసి చూసుకోండి. నేను పదేళ్లలో ఒక్కసారి కూడా చూసుకోలేదు.

అలా తెల్లజుట్టు నాకు దానంతటదే వచ్చిపడింది. ధైర్యం ఉందని మెచ్చుకుంటారు. నాది ధైర్యం కాదని ప్రతిసారీ చెప్పలేక ఊరుకుంటాను.

రెండోజడ

ఎడమచెయ్యి గారు ఆ చివరి మాట అన్నారు కాబట్టి నాదీ చెప్తాను.

నాకు 54. మూడేళ్ల క్రితం మానేశాను. మొత్తం తెల్లబడింది, బాగుంది కూడా. అందరూ మెచ్చుకున్నారు. ఆరు నెలల క్రితం మళ్లీ రంగు మొదలుపెట్టాను. మెచ్చుకున్నవాళ్లే నేనేదో ఓడిపోయినట్టు చూశారు. ఒకామె "నువ్వు కూడానా" అంది.

ఎవరికీ చెప్పని కారణం ఇక్కడ రాస్తున్నాను. మా అమ్మ పోయింది. ఆ తర్వాత పొద్దున్నే పళ్లు తోముకోవడానికి అద్దం ముందు నిలబడితే అమ్మే కనిపించేది. అదే పాపిట, అదే నుదురు, చెవి దగ్గర అదే తెల్లపాయ. నోట్లో బ్రష్షుతో అలాగే నిలబడిపోయేదాన్ని. రెండు నెలలు ఓర్చుకున్నాను. ఇక నా వల్ల కాక రంగు వేసుకున్నాను. ఇందులో వయసు దాచుకోవడం ఎక్కడుంది? రేపు అమ్మని చూడాలనిపిస్తే మళ్లీ మానేస్తాను.

మానేసినవాళ్లది నిజాయితీ, వేసుకునేవాళ్లది భయం అని దయచేసి అనకండి. నిన్నటిదాకా నల్లగా ఉండాలని పరీక్ష పెట్టారు, ఇప్పుడు సహజంగా ఉండాలని పెడుతున్నారు. రెండిట్లోనూ మార్కులు వేసేది బయటివాళ్లే.

వానాకాలం

రెండోజడ అక్కా, మీది చదివాక నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. చర్చ అవసరమే.

నీలిగాజు

రెండోజడ గారి మాటకి కళ్లు చెమ్మగిల్లాయి. అయినా ఒక్కటి అడుగుతాను. అద్దం దగ్గర మన ఇష్టం మనది, నిజమే. జీతం దగ్గర కాదు కదా? ఆ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడితే నాలాంటివాళ్లం మళ్లీ ఒంటరి అవుతాం. నా ఇంటర్వ్యూ బుధవారం. మంగళవారం రాత్రి రంగు వేసుకుంటాను.

పాపిటగీత

నీలిగాజు గారూ, వేసుకునే వెళ్లండి. మీరు అడిగింది న్యాయం. నాకు ఉద్యోగం ఉంది కాబట్టి ఆ గీతతో ఐదు నెలలు తిరగగలిగాను. అది నేను మర్చిపోయి ప్రశ్న అడిగాను. కానీ ఎలర్జీ పరీక్షకి 48 గంటలు కావాలి, ఎడమచెయ్యి గారు రాసింది చూశారుగా. ఈ రాత్రే మోచేతి మడతలో కొంచెం రాసుకోండి.

వేసుకోవడమే ఒప్పుకోకపోవడమా అని నేను అడిగిన రెండో ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను. రెండోజడ గారి అద్దం గురించి చదివాక దాన్ని ఇంకెవరినీ అడగలేను. మొదటిదానికి నా జవాబు, కాదు. అశ్రద్ధ కాదు. ఈ మాట నా స్నేహితురాలికి ఇవాళ ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాకూ మానాలని ఉందే, నిన్ను చూసి భయమేసింది" అంది. ఆ రోజు నన్ను పక్కకి పిలిచింది అందుకేనట.

శనివారం ఇద్దరం కలిసి సెలూన్‌కి వెళ్తున్నాం. నేను మెడ దాకా కత్తిరించుకుంటాను. తను ఊరికే చూస్తానంది. కత్తెరపని గారూ, తెల్లజుట్టు కత్తిరించాక అనుకున్నదానికన్నా పొట్టిగా కనిపిస్తుందంటారు, నిజమేనా?

కత్తెరపని

బిరుసు జుట్టయితే ఆరాక పైకి లేస్తుంది, పొట్టిగానే కనిపిస్తుంది. మొదటిసారి రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ ఉంచమనండి, ఆరాక చూసుకుని మళ్లీ కత్తిరించుకోవచ్చు.