"మరియు" పెడితే సరిపోతుందా?

మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన అంటించిన నోటీసు: "నీళ్ళు వృథా చేయకండి, పొద్దున్నే మెట్ల మీద లైట్లు ఆర్పడం మరియు చెత్త బయట వేయరాదు."

చదివితే లైట్లు ఆర్పడం కూడా తప్పే అన్నట్టుంది కదండీ! ఒకటి "చేయకండి", ఒకటి "ఆర్పడం", ఇంకోటి "వేయరాదు". మూడింటివీ మూడు దారులు. వాటిని ఒక "మరియు"తో ముడేశారు. "నీళ్ళు వృథా చేయకండి, లైట్లు ఆర్పండి, చెత్త బయట వేయకండి" అంటే గొడవే లేదు. "మరియు" అవసరమే పడలేదు చూడండి.

ఇలా జతగా వచ్చే మాటలన్నిటినీ ఒకే రూపంలో పెట్టడాన్నే సమాంతర నిర్మాణం అంటున్నారు. పేరు బరువుగా ఉంది గానీ మనం రోజూ చేసేదే. "అన్నయ్యా వదినా వచ్చారు" అంటాం, దీర్ఘం ఇద్దరికీ పడాలి. "వస్తాడో రాడో" అన్నప్పుడు "ఓ" రెండు చోట్లా ఉండాలి. ఒకచోట పెట్టి ఇంకోచోట మానేస్తే చెవి వెంటనే పట్టేస్తుంది.

ఇక సామెతల్లో అయితే దీని మీదే బండి నడుస్తుంది. "మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు." అదే క్రియ, అదే వరస. కోట ఉన్న చోట గడప వచ్చి కూర్చుంది, "దాటుతాయి" కాస్తా "దాటవు" అయింది. నవ్వు అక్కడే ఉంది. "మాటలు కోటలు దాటుతాయి కానీ మనిషి ఇంట్లోంచి కదలడు" అని చూడండి. అర్థం ఉంది, సామెత పోయింది.

ఇదంతా విన్నాయన ఒకరు అడిగారు:

— ఒకే మాట మళ్ళీ మళ్ళీ వాడితే పునరుక్తి దోషం కాదా? మాకు బళ్ళో అలాగే చెప్పారు.

— మాట తిరిగి రావడం వేరు, వాక్యం మూస తిరిగి రావడం వేరండీ. పోతన భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడి "మందార మకరంద" సీసం గుర్తు తెచ్చుకోండి. తుమ్మెద "వోవునే", రాయంచ "జనునె", కోయిల "చేరునే", చకోరం "అరుగునే". నాలుగూ వెళ్ళడమే. ఆ నాలుగు పాదాల్లో ఏ క్రియా రెండోసారి రాలేదు, చివర ప్రశ్న మాత్రం కదల్లేదు. చెవి ఐదో జీవి కోసం ఎదురుచూస్తుంటే, సీసం చివర వచ్చే తేటగీతిలో వరస ఆపేసి తన చిత్తం సంగతి ఎత్తుకుంటాడు. నాకైతే ఆ మలుపే ఇష్టం.

— బాగుంది. ఇంతకీ నోటీసు మార్చారా?

— అడిగాను. "అర్థమైంది కదండీ, చాల్లెండి" అన్నారు. నిన్న మెట్ల మీద లైట్లు పొద్దున పదింటిదాకా వెలుగుతూనే ఉన్నాయి.