బట్టలు ఆరుతాయా, ఎండుతాయా?

నిన్న ఇక్కడ ఒక సోదరి అడిగారు: "బట్టలు ఎండబెట్టాను అని రాస్తే తప్పా?"

తప్పు అనను. "బట్టలు ఎండాయా?" అని అడిగే ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి. అయినా నేను రాసేటప్పుడు "ఆరవేశాను" అనే రాస్తాను. ఎందుకో చెబుతాను.

తడి ఆరింది అంటాం, తడి ఎండింది అనం. అంటే ముందు ఆరేది తడి, ఆ తరువాతే బట్ట. తడి పోయినా బట్ట బట్టగానే ఉంటుంది. ఎండడం అలా కాదు, అది వస్తువునే పట్టుకుంటుంది. వంకాయ ముక్క ఎండితే వరుగవుతుంది. వడ్లు ఆరబోస్తే వడ్లుగానే ఉంటాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదని రైతులు రోడ్ల మీద చేసే పని ఆరబోతే. మిరపకాయల దగ్గర ఈ లెక్క కుదరదు, ఒప్పుకుంటాను: కల్లంలో ఆరబోస్తాం, ఇంటికి వచ్చేవి ఎండుమిరపకాయలు.

ఈ తేడా అందరికన్నా బాగా తెలిసినవాడు రైతే. పొలం ఆరితే మళ్ళీ తడి పెడతాడు, ఎండితే పంట పోయినట్టే. ఆరుతడి పంటలు అన్న మాటలోనే ఆ వరుస ఉంది: ఆరనివ్వడం, తడపడం, మళ్ళీ ఆరనివ్వడం. మన బట్టల బతుకూ అదే కదా!

పైగా ఆరడానికి ఎండే అక్కర్లేదు, గాలి చాలు. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు మా అమ్మ వసారాలో దండెం కట్టి బట్టలు వేసేది. సాయంత్రం లంగా బొందు దూర్చే పట్టీని రెండు వేళ్ళ మధ్య నొక్కి, చెంపకు ఆనించి చూసేది. మిగతా గుడ్డంతా పొడిగా ఉన్నా అక్కడ చల్లగా తగిలితే "ఇంకా ఆరలేదు" అని తిరగేసి వేసేది. సూర్యుడు కనిపించని ఆ రోజుల్లో ఎండబెట్టడం అన్న మాట ఎలా వస్తుంది?

పాత వ్రాతలో ఇది శకటరేఫతో, అంటే బండి ఱతో, ఆఱు. దీపం ఆరడం, పుండు ఆరడం, వేడి చల్లారడం, అన్నీ ఆ ఒక్క ధాతువే. తమిళంలో కాఫీ "ఆరిపోచ్చు" అంటే చల్లారిపోయిందని. కాళ్ళ పారాణి ఆరకముందే అన్న పలుకుబడిలో "ఎండకముందే" పెట్టి చదవండి, గుండెకు తగలదు. బౌలర్లను ఉతికి ఆరేశాడని రాసే విలేకరి కూడా ఉతికి ఎండబెట్టాడని రాయడు.

నాకు నిజంగా బాధ కలిగించేది ఎండబెట్టడం కాదు. మా ఇంటికి వచ్చిన బట్టలుతికే యంత్రం కరపత్రంలో "బట్టలను పొడి చేయండి" అని ఉంది. పొడిబట్ట మంచి తెలుగే. కానీ పొడి చేసేది పసుపునూ కారాన్నీ! "ఆరనివ్వండి" అని ఒక్క మాట రాస్తే సరిపోయేది.

ఆరవేయు, ఆరేయు రెండూ రాయవచ్చు, రెండోది మొదటిదాని కుదింపే.

ఇక నాదొక ప్రశ్న. తడి చీరల బరువుకు దండెం కుంగకుండా మధ్యలో ఒక కర్ర నిలబెడతారు కదా, కొసన చీలిక ఉన్నది. మేము పంగలకర్ర అంటాం. మీ ఊళ్ళో ఏమంటారు?