పిజ్జా పైన మాడుతోంది, అడుగు పచ్చిగానే ఉంటోంది. అర్జంట్! (విజయవాడ, సింగ్‌నగర్)

సింగ్‌నగర్ తమ్ముడు
అన్నలూ, బుర్ర పనిచేయట్లేదు. మా బాబాయి పిజ్జా కొట్టు మళ్లీ తెరుద్దామని పొద్దుట్నుంచీ కుస్తీ పడుతున్నాం. కట్టెల బట్టీ. పైన చీజ్ నల్లబడిపోతోంది, అడుగు మాత్రం తెల్లగా, మెత్తగా, పారతో ఎత్తితే మధ్యలో చిరిగిపోతోంది. మొదటిది ఏదో పర్లేదు, రెండోదానికే నేల చల్లబడిపోతోంది. కట్టెలు ఎన్ని ఎగేసినా అంతే. మైదా పాతదే, చీజ్ పాతదే, కొలతలు అవే. శుక్రవారం తెరుస్తున్నామని పేటంతా చెప్పేశాం. కరోనా తర్వాత ఎలాగో లేచిన కొట్టు, ఈసారి లేట్ అయితే అద్దె కూడా కట్టలేం. ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

మైదా మాస్టారు
"కొలతలు అవే" అన్నారు చూడండి, గొడవంతా అక్కడే ఉంది. మన మైదాలో ప్రొటీన్ పది శాతం అటూ ఇటూ. దానికి 65 శాతం నీళ్లు పోస్తే అడుగు ఎప్పటికీ ఆరదు. పది కిలోల మైదాకి 5.8 లీటర్ల నీళ్లు, 200 గ్రాముల ఉప్పు, 30 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 200 గ్రాముల నూనె. పది అంగుళాల బేస్‌కి 230 గ్రాముల ఉండ. సాస్ 70 గ్రాములు దాటకూడదు. మనవాళ్లు పులుసు పోసినట్టు పోస్తారు.

ఇంకో మాట, ఎవరూ పట్టించుకోనిది. నీళ్ల వేడి. కలిపిన పిండి 24 డిగ్రీల్లో ఉండాలంటే 24ని మూడుతో హెచ్చించండి, 72. అందులోంచి గది వేడి 33, మైదా వేడి 31, మిక్సర్ రాపిడికి 8 తీసేయండి. మిగిలేది సున్నా. అంటే బెజవాడలో ఐసు నీళ్లే పోయాలి. కుళాయి నీళ్లు పోస్తే రెండు గంటల్లో పులిసిపోయి, కాల్చినా రంగు రాదు. ముందు ఇది సరిచేసుకోండి, తర్వాత బట్టీ సంగతి మాట్లాడదాం.

ఆటోనగర్ త్రీఫేజ్
బట్టీ వరదలో మునిగిందా?

మైదా మాస్టారు
దానికీ దీనికీ ఏం సంబంధమండీ? ఇటుకల బట్టీ, మంట పెడితే ఆరిపోతుంది.

సింగ్‌నగర్ తమ్ముడు
సింగ్‌నగర్ అని రాశాక మళ్లీ చెప్పాలా అన్నా! 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి వచ్చాక ఇక్కడ మునగనిదేముంది? నీళ్లు బట్టీ నోటిదాకా వచ్చి వారం పైనే నిలిచాయి. బురద తీశాం, రెండుసార్లు పైపు పెట్టి కడిగాం, తలుపు తీసి ఆరనిచ్చాం. నిన్న పెద్ద మంట వేశాం. పైకి చూస్తే పొడిగానే ఉంది. గోపురం మీద సన్నగా రెండు పగుళ్లు వచ్చాయి, అవి మామూలేగా?

బట్టీ మేస్త్రి
ముందు మంట ఆపు తమ్ముడూ. ఇప్పుడే.

పైకి పొడిగా ఉన్నది ఇటుక ముఖం ఒక్కటే. దాని కింద ఏముందో ఆలోచించు. ఈ బట్టీలకి నేల ఇటుకల కింద నాలుగంగుళాల ఇసుక పరుస్తారు. నాలుగడుగుల చదరంలో అంత ఇసుక నీళ్లు తాగితే 50 లీటర్ల దాకా పట్టేస్తుంది. చుట్టూ సిమెంటు గోడ, కింద స్లాబు, ఆ నీళ్లు పోవడానికి దారి లేదు. 30 డిగ్రీల నీటిని మరిగేదాకా తేవడానికి ఎంత వేడి పడుతుందో, దాన్ని పూర్తిగా ఆవిరి చేయడానికి అంతకి ఏడు రెట్లకు పైగా పడుతుంది. నువ్వు వేసే కట్టెల వేడంతా ఆ పనికే పోతోంది. గోపురం మాత్రం ఎర్రగా కాలి పైనుంచి చీజ్‌ని మాడ్చేస్తోంది. పిండి తప్పేం లేదు.

కొందరు మేస్త్రీలు వేడి నిలవాలని ఇసుకలో ఉప్పు, గాజుపెంకులు కూడా వేస్తారు. ఉప్పు ఉంటే కరిగిపోయి నేల కుంగుతుంది. పైగా మన కృష్ణాతీరం గాలికి అది చెమ్మ పీలుస్తూనే ఉంటుంది, తనంతట తాను ఎప్పటికీ ఆరదు. బయట గోడకి చౌడు పూసినట్టు తెల్లగా కనిపిస్తోందా చూడు.

అనుమానం తీరాలంటే నోటి దగ్గర ఒక ఇటుక లేపు. కింద ఇసుక పిడికిట్లో పట్టు. ముద్దకడితే నేనన్నదే. రాలిపోతే వేరే వెతుకుదాం. పగుళ్లు ఎంత లావున్నాయో కూడా రాయి.

మైదా మాస్టారు
పిండిలో నీళ్లు 58 శాతం దాటకుండా ఉంటే తడి నేల మీద కూడా...

ఆటోనగర్ త్రీఫేజ్
మాస్టారూ, ఆగండి కాసేపు.

సింగ్‌నగర్ తమ్ముడు
లేపాం. ఇటుక అడుగున చెమట పట్టినట్టు నీటిబొట్లు. కింద ఇసుక నల్లగా ఉంది, నొక్కితే వేళ్లమధ్య నీళ్లు దిగాయి. మురుగు వాసన. గాజు ముక్కలు కూడా ఉన్నాయి. పగుళ్లు వెంట్రుకంత ఒకటి, ఇంకోదాంట్లో రూపాయి బిళ్ల అంచు దూరుతోంది. ఇప్పుడేం చేయాలి? గట్టిగా క్యూరింగ్ చేయిస్తే సరిపోతుందా?

బట్టీ మేస్త్రి
క్యూరింగ్ అనే మాట మేస్త్రి దగ్గర అనకు! సిమెంటు పని చేసేవాడికి క్యూరింగ్ అంటే గోనెసంచులు కప్పి నీళ్లు కొట్టడం. నీకు కావలసింది ఆరబెట్టే మంట.

బేకరీ కుర్రాడు, గుంటూరు
బట్టీ పనిలో క్యూరింగ్ అంటే సన్నమంట మీద ఆరబెట్టడమే. ఇక్కడ అందరూ అలాగే అంటారు.

బట్టీ మేస్త్రి
మీ బేకరీల్లో అనుకోండి, కాదనను. ఈ సింగ్‌నగర్ తమ్ముడు పిలిచేది ఇళ్లకి గచ్చు చేసే మేస్త్రిని. అతను ఆ మాట విని బకెట్ తెస్తాడు, అదీ నా భయం.

పని వరుస రాస్తున్నాను. నేల ఇటుకలన్నీ లేపి నిలువుగా పేర్చి నీడలో ఆరబెట్టు. ఇసుక, గాజు మొత్తం ఎత్తి పారెయ్, కడిగి వాడదామనుకోవద్దు. దిమ్మె పక్కగోడకి స్లాబు మట్టంలో 12 మిల్లీమీటర్ల బిట్‌తో నాలుగైదు కన్నాలు వెయ్. నీళ్లు కారితే కారనీ. గోపురం బయటి పూతకి కూడా కింద చుట్టూ మూడు, పైన ఒకటి. అందులో వేడి నిలవడానికి చుట్టిన సిరామిక్ దుప్పటి తడిసి ఉంటుంది, ఆవిరికి దారి లేకపోతే పూత పగలగొట్టుకుని బయటికొస్తుంది. నీ పగుళ్లు అలా వచ్చినవే.

నేల మళ్లీ వేసేటప్పుడు ఇసుక వద్దు. రెండంగుళాల కాల్షియం సిలికేట్ బోర్డు వెయ్. దొరక్కపోతే తేలిక రకం ఇన్సులేషన్ ఇటుక పరుచు. దాని మీద జల్లించిన పొడి ఇసుక, ఫైర్‌క్లే (వేడికి తట్టుకునే మట్టి) సగంసగం కలిపి సన్నటి పొర, ఆ పైన ఫైర్ ఇటుకలు. ఇటుకకీ ఇటుకకీ మధ్య మాలు పెట్టొద్దు, ఆనించి పేర్చితే చాలు. వేడికి సాగడానికి గోపురం గోడ పక్కన చిన్న సందు వదులు. రూపాయి బిళ్ల దూరే పగులుకి ఉత్త సిమెంటు పూస్తే నాలుగు మంటలకి పొడై రాలుతుంది. ఇసుక 3, సున్నం 1, ఫైర్‌క్లే 1, సిమెంటు 1, ఈ పాళ్లలో కలుపు. వెంట్రుకంత దాన్ని వదిలెయ్.

మంట ఇలా వెయ్యి. మొదటి రెండు రోజులు బొటనవేలంత సరుగుడు పుల్లలు రెండో మూడో, నేల 100 డిగ్రీలు దాటకూడదు, ఆరేడు గంటలు. మూడో రోజు 150, నాలుగో రోజు 200, తర్వాత రోజుకో 50 పెంచుకుంటూ 350 దాకా. తలుపు సగం తీసే ఉంచు. ప్రతిరోజూ పైకన్నం దగ్గర స్టీలు పళ్లెం అడ్డం పెట్టి చూడు. చెమ్మ పడితే మర్నాడూ అదే వేడి, పెంచొద్దు. వరదలో నానిన కట్టెలు ఎండినట్టు కనిపిస్తాయి, లోపల తడి ఉంటుంది, పొగే తప్ప వేడి రాదు. వాటిని వాడకు.

శుక్రవారం మాట మర్చిపో.

సింగ్‌నగర్ తమ్ముడు
శుక్రవారం అని బోర్డు కూడా పెట్టేశామన్నా... సరే. ఇంకోటి, పిండి మిక్సర్ స్విచ్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పడిపోతోంది. అదీ తడేనా?

రాత్రి డ్యూటీ
ఆర్‌సీసీబీ తడికి ఊరికే పడుతుంది బ్రో, బైపాస్ చేసి నడిపెయ్. రెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది.

ఆటోనగర్ త్రీఫేజ్
ఆ పని చేయొద్దు. అది పడుతోందంటే బాడీకి ప్రమాదకరమైనంత కరెంటు లీకవుతోందని అర్థం. తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడి స్టీలు గిన్నె పట్టుకునేవాడు పోతాడు. రాత్రి డ్యూటీ గారూ, ఇలాంటివి రాయకండి.

తమ్ముడూ, ప్లగ్ పీకెయ్. మోటారు విప్పి ఆటోనగర్‌లో రివైండింగ్ వాళ్లకివ్వు. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) వైండింగ్‌కీ బాడీకీ మధ్య చూస్తారు, కనీసం ఒక మెగాఓమ్ రావాలి. రాకపోతే మంచినీళ్లతో బురద కడిగి, 90 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలు వేడి గదిలో పెట్టి, మళ్లీ మెగ్గర్, తర్వాత వార్నిష్. చాలావాటికి అంతే సరిపోతుంది. ముందే రివైండింగ్ అంటే ఒప్పుకోకు. కెపాసిటర్, బేరింగులు, స్విచ్ మాత్రం కొత్తవి వేయించు. గేర్‌బాక్స్ నూనె పాలరంగులో ఉంటే నీళ్లు దిగినట్టు, మార్చు. ఫ్రీజర్ తలుపులోకి, గోడల్లోకి నీళ్లు దిగితే మాత్రం దాని మీద ఖర్చు దండగ. లోపలి ఫోమ్ ఆరదు.

బ్లీచింగ్ బాబాయి
అందరూ బట్టీ బట్టీ అంటున్నారు, మురుగులో నానిన నేల మీద తిండి పెట్టి కాలుస్తారా? ఆ ఇటుకలు పారేసి కొత్తవి వేయండి. గోడలకీ గచ్చుకీ ముందు సబ్బు నీళ్లతో కడిగి, తర్వాత పది లీటర్లకి 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్. స్టీలు బల్లలకీ గిన్నెలకీ పది లీటర్లకి 6 గ్రాములు చాలు. పది నిమిషాలుంచి మంచినీళ్లతో కడగాలి, లేకపోతే స్టీలు మీద చుక్కలు చుక్కలుగా తుప్పు. చెక్క పారలు, చెక్క ట్రేలు దాచుకోవద్దు. బ్లీచింగ్‌ని యాసిడ్‌తో కలిపారంటే విషవాయువు వస్తుంది.

బట్టీ మేస్త్రి
ఇటుకకి బ్లీచింగ్ తగలనివ్వకండి, పీల్చేసుకుంటుంది. 350 దాకా కాల్చిన ఇటుకలో ఏ క్రిమీ బతకదు. తిరగేసి వేస్తే చాలు.

బ్లీచింగ్ బాబాయి
క్రిమి చస్తుంది సరే, ఆటోమొబైల్ షెడ్ల నూనె, బ్యాటరీ నీళ్లు కలిసిన వరద అది. అవి కాలితే పోతాయా? మూడున్నర అడుగుల గుండ్రానికి తరుగుతో కలిపి 40 ఇటుకలు. దానికి కక్కుర్తేమిటి?

బట్టీ మేస్త్రి
ఉన్నవాడికి చెప్పే మాట ఇది.

గుంటూరు గుమాస్తా
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇసుక పారేసే ముందు, మోటారు విప్పే ముందు, ప్రతిదానికీ ఫొటో తీశారా? నీటిమట్టం గీత గోడ మీద కనిపించేలా. ఈ 2024 వరదకి చిన్న దుకాణాలకి 25 వేలు, రిజిస్టరైన ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈకి (చిన్న, మధ్యతరహా వ్యాపారాలకి) టర్నోవర్ 40 లక్షల లోపైతే 50 వేలు, కోటిన్నర లోపైతే లక్ష, ఆ పైన లక్షన్నర అని ప్రభుత్వం ప్రకటించింది. మీ పేరు నష్టాల జాబితాలో ఉందో లేదో మీ వార్డు సచివాలయంలో చూసుకోండి. బ్యాంకు లోను ఉంటే ఇన్సూరెన్స్ కూడా ఉండే ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. 2021 ఏప్రిల్ నుంచి ఐదు కోట్ల లోపు ఆస్తి ఉన్న వ్యాపారాలకి ఇచ్చే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షలో వరద కూడా కలిసే ఉంటుంది. సర్వేయర్ చూసేదాకా పాత సామాను స్క్రాప్‌కి వేయొద్దు, మూల పడేసి ఉంచండి. గ్యాస్ స్టవ్ మునిగితే రెగ్యులేటరు, గొట్టం కొత్తవి పెట్టాలి, ఎండబెట్టి వాడొద్దు.

సింగ్‌నగర్ తమ్ముడు
ఫొటోలు కొన్నే ఉన్నాయి. లోను ఉంది, పాలసీ కాగితం బాబాయి వెతుకుతున్నాడు. ఇసుక సగం తీశాం, కన్నాల్లోంచి నల్లనీళ్లు కారుతున్నాయి. ఇటుకలు మార్చాలో వద్దో రేపు చూస్తాం. థ్యాంక్స్ అన్నా.

మైదా మాస్టారు
కొత్త నేల వేశాక ఐసు నీళ్ల లెక్క ఒకసారి చూసుకోండి.

పాయకాపురం బేకరీ
మాదీ మునిగింది. ఎలక్ట్రిక్ డెక్ ఓవెన్. ఎలిమెంట్ వేయగానే ట్రిప్. ఎలిమెంట్ లోపలి పొడి చెమ్మ పీల్చుతుందట, తక్కువ వేడి మీద ఆరబెడితే బాగుపడుతుందంటున్నారు, నిజమేనా? ఎన్ని గంటలు పెట్టాలి? త్రీఫేజ్ అన్నా, ఉన్నారా?