బ్రిటిష్ ప్రధాని, అమెరికా అధ్యక్షుడు: ఎవరి ఏ ప్రసంగాన్ని దేనితో పోల్చాలి?

సభాపర్వం (ప్రశ్న):
రాజనీతి శాస్త్రం సెమినార్ పేపర్ కోసం అడుగుతున్నాను. బుధవారం కామన్స్‌లో (బ్రిటిష్ పార్లమెంటు దిగువసభలో) జరిగే ప్రధాని ప్రశ్నోత్తరాలను, అమెరికా అధ్యక్షుడు దేశ పరిస్థితి గురించి కాంగ్రెస్ ముందు చేసే స్టేట్ ఆఫ్ ది యూనియన్ ప్రసంగాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, బ్రిటిష్ వాళ్లు మాటకు మాట అప్పజెప్పే రకం, అమెరికన్లు గంభీరంగా ఉపన్యసించే రకం అనిపిస్తోంది. ఇది ఆ జాతుల స్వభావమా, వ్యవస్థ వల్ల వచ్చిన తేడానా? మాటకారితనంతో పదవి నిలబడటం, ఊడటం అనేది ఎక్కడ ఎక్కువ?

వాక్కాయ:
మీరు ఎంచుకున్న జతే కుదరలేదండీ. స్టేట్ ఆఫ్ ది యూనియన్‌కి బ్రిటన్‌లో సరిజోడు రాజుగారి ప్రసంగం. ప్రభుత్వం రాసిచ్చినదాన్ని రాజు సింహాసనం మీద కూర్చుని, ఎత్తుపల్లాల్లేని గొంతుతో చదివి వెళ్లిపోతారు. అమెరికాలో దేశాధినేతా ప్రభుత్వాధినేతా ఒక్కరే కాబట్టి ఆ రాచఠీవీ, రాజకీయమూ ఒకే గొంతులో పలకాలి. ఈ ఠీవి నచ్చకనే 1801లో జెఫర్సన్ సభకు రాకుండా రాతప్రతి పంపడం మొదలుపెట్టాడు. 1913లో విల్సన్ మళ్లీ స్వయంగా వచ్చి చదివాడు. 1982లో రీగన్ గ్యాలరీ వైపు చూపించి, పొటోమాక్ నదిలో దూకి విమాన ప్రమాద బాధితురాలిని కాపాడిన లెనీ స్కట్నిక్‌ను మెచ్చుకున్నాడు. గ్యాలరీలో అతిథుల్ని కూర్చోబెట్టి ప్రస్తావించడం అప్పట్నించి ఆనవాయితీ అయింది. ఆ ప్రసంగం ఎదుట కూర్చున్న సభ్యుల కోసం కన్నా టీవీ ముందున్న ఇంటిల్లిపాది కోసం.

ఇక బుధవారం సంగతి. మధ్యాహ్నం 12కి మొదలై సుమారు అరగంట. 1997లో ప్రధాని బ్లెయిర్ మార్చేదాకా మంగళ, గురువారాల్లో పావుగంట చొప్పున ఉండేది. ప్రతిపక్ష నాయకుడికి 6 ప్రశ్నలు. సాధారణంగా నోటీసులో ఉండేది ‘ఈ రోజు ప్రధాని కార్యక్రమాలేమిటి’ అన్న ఒక్క ముక్కే. అసలు బాణం అనుబంధ ప్రశ్నగా వస్తుంది. ఆఖరి మాట ప్రధానిదే. ఆరో జవాబుకు ప్రతిపక్ష నాయకుడు మళ్లీ లేచి బదులివ్వలేడు. అందుకే కొసమెరుపు లాంటి వాక్యాన్ని ప్రధాని అక్కడికి దాచుకుంటారు.

ఇందులో వ్యాకరణం కూడా ఉంది. కామన్స్‌లో ‘మీరు’ అంటే స్పీకర్ మాత్రమే. ఎదుటి సభ్యుణ్ణి ప్రథమపురుషలోనే ప్రస్తావించాలి, ‘గౌరవ సభ్యులు ఇలా అన్నారు’ అని. మన శాసనసభల్లో వాక్యానికోసారి ‘అధ్యక్షా’ అనడం ఆ సంప్రదాయం నుంచి వచ్చిందే. సాటి సభ్యుడు అబద్ధమాడాడని అనకూడదు. 2021 జులైలో ప్రతిపక్ష ఎంపీ డాన్ బట్లర్ ప్రధాని గురించి ఆ మాట అని, వెనక్కి తీసుకోనందుకు సభ బయటికి వెళ్లాల్సి వచ్చింది. తిట్టే దారి మూసేస్తే చురక పదునెక్కుతుంది. దాన్ని జాతి స్వభావం అనడం నా దృష్టిలో తప్పు.

గదిని కూడా చూడండి. సభ్యులు 650, కూర్చునే చోటు సుమారు 427. 1941లో బాంబు పడి సభ కూలాక, మళ్లీ అదే ఇరుకు గది, ఎదురెదురు బెంచీలే కావాలని 1943లో చర్చిల్ పట్టుబట్టాడు. అంత దగ్గర్లో కూర్చున్నవాళ్ల ముందు గొంతెత్తి ఉపన్యసిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది.

మీ పేపర్‌కి పనికొచ్చే జతలు: పార్టీ వార్షిక సభలో నాయకుడి ప్రసంగానికి అమెరికా పార్టీ కన్వెన్షన్‌లో అభ్యర్థి అంగీకార ప్రసంగం, బుధవారం ప్రశ్నలకు వైట్‌హౌస్ పత్రికా సమావేశం.

రెండో బెంచీ:
పదవుల ప్రశ్నకు: బ్రిటన్‌లోనే. కారణం, వినేవాళ్లే దించగలిగేవాళ్లు. 1990 నవంబరు 13న, ప్రధాని థాచర్ మంత్రివర్గం నుంచి తప్పుకున్న జెఫ్రీ హౌ చేసిన రాజీనామా ప్రసంగం దీనికి పాఠం లాంటిది. గొంతు పెంచలేదు, కాగితం చూసుకుంటూ మాట్లాడాడు. థాచర్ ఆయనకు ముందు బెంచీలోనే కూర్చుని విన్నారు. యూరప్ చర్చలకు మంత్రుల్ని పంపే తీరు ఎలా ఉందంటే, ఓపెనింగ్ బ్యాట్స్‌మెన్ క్రీజులోకి వెళ్లాక, ఆటకు ముందే తమ కెప్టెన్ బ్యాట్లు విరగ్గొట్టిందని తెలుసుకున్నట్టుంది అన్నాడు. క్రికెట్ తెలిసినవాడికి ఇంకేం చెప్పక్కర్లేదు. మర్నాడు సొంత పార్టీ ఎంపీ హెజల్టైన్ పార్టీ నాయకత్వానికి ఆమె మీద పోటీ ప్రకటించాడు. 20న మొదటి రౌండ్‌లో థాచర్‌కు 204, అతనికి 152. గెలుపుకు కావలసిన 15 శాతం ఆధిక్యానికి 4 ఓట్లు తగ్గాయి. 22న ఆమె తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. ఓటేసింది సొంత పార్టీ ఎంపీలే.

అమెరికాలో అధ్యక్షుణ్ణి దించాలంటే అభిశంసన తర్వాత సెనేట్‌లో మూడింట రెండొంతులు, అంటే 100లో 67 ఓట్లు కావాలి. ఇప్పటిదాకా ఆ దారిలో ఒక్క అధ్యక్షుడూ దిగిపోలేదు. ప్రసంగం బాగుంటే బిల్లుకు మద్దతు పెరగొచ్చు, బాగోకపోతే ఎన్నికల్లో దెబ్బ తగలొచ్చు. కుర్చీ మాత్రం గడువుదాకా ఉంటుంది.

మారేడు:
అమెరికాలో ఎదురు ప్రశ్నలే ఉండవన్నట్టు రాయకండి. అవి సభలో కాదు, కమిటీ గదుల్లో ఉంటాయి. మంత్రుల్ని సభ్యులు మామూలుగా 5 నిమిషాల చొప్పున అడుగుతారు. చిక్కేమిటంటే ఆ 5 నిమిషాల్లో సగం సభ్యుడి సొంత ఉపన్యాసానికే పోతుంది, జవాబుకు చోటుండదు. అధ్యక్షుడే వచ్చి కూర్చోవడం మహా అరుదు. మాజీ అధ్యక్షుడు నిక్సన్‌కు క్షమాభిక్ష ఎందుకిచ్చారో చెప్పడానికి 1974 అక్టోబరులో ఫోర్డ్ ప్రతినిధుల సభ ఉపసంఘం ముందుకొచ్చాడు.

సభలో ప్రసంగాలు ఎవరికోసమో తెలియాలంటే 1984 మే నాటి గొడవ చూడండి. సాయంత్రం వేళ ప్రతినిధుల సభలో రిపబ్లికన్ సభ్యుడు గింగ్రిచ్ బృందం కెమెరా ముందు ఆవేశంగా మాట్లాడుతుంటే, స్పీకర్ టిప్ ఓనీల్ కెమెరాను సభంతా తిప్పి చూపించమన్నాడు. బెంచీలన్నీ ఖాళీ!

సభాపర్వం:
అందరికీ ధన్యవాదాలు. జతలు మార్చుకుంటున్నాను. అధికారిక రాతప్రతుల మీద ఆధారపడితే సరిపోతుందా?

వాక్కాయ:
సరిపోదండీ. హ్యాన్సార్డ్ (బ్రిటిష్ పార్లమెంటు చర్చల అధికారిక రాతప్రతి) దాదాపు అన్నమాట అన్నట్టే ఉంటుంది కానీ తడబాట్లు, పునరుక్తులు సరిచేస్తారు. గోలంతా ‘అంతరాయం’ అన్న ఒక్క మాటలో సర్దేస్తారు. అమెరికాలో దానికి సమానమైన కాంగ్రెషనల్ రికార్డ్‌తో ఇంకా జాగ్రత్త. సభ్యులు తర్వాత మాటలు సవరించుకోవచ్చు, సభలో చదవని ప్రసంగాన్నీ చేర్పించుకోవచ్చు. చదవనివాటికి గుర్తుగా ప్రతినిధుల సభ భాగంలో అక్షరాల తీరు మారుతుంది, సెనేట్ భాగంలో నల్ల చుక్క పెడతారు. అది చూడకుండా ఉటంకిస్తే, సభలో ఎవరూ వినని మాటల్ని విశ్లేషించినట్టవుతుంది.

వీడియో పక్కన పెట్టుకుని చూడండి. కామన్స్‌లో టీవీ కెమెరాలు వచ్చింది 1989 నవంబరులో, రేడియో ప్రసారం 1978 నుంచి ఉంది. కాబట్టి ప్రధాని కాలహన్ ప్రభుత్వం అవిశ్వాస ఓటింగ్‌లో 311–310తో పడిపోయిన 1979 మార్చి 28 నాటి చర్చను చెవులతోనే వినాలి. మొదట, ప్రభుత్వం తరఫున మైకేల్ ఫుట్ ఇచ్చిన ముగింపు ప్రసంగం వినండి, హ్యాన్సార్డ్ ఆ తర్వాత తెరవండి.