ఖో ఖో టీంలో ఉండాలంటే ఈ రూల్స్ పేపర్ మీద సంతకం పెట్టాలంట, పెట్టొచ్చా?

కావలి అమ్మ:

అందరికీ నమస్తే. మాది కావలి. మా పాప ఎనిమిదో తరగతి, ప్రైవేట్ స్కూలు, స్కూలు పేరు చెప్పను లెండి. ఈ ఏడు ఖో ఖో టీంలో సెలెక్ట్ అయింది, బాగానే సంతోషపడ్డాం. నిన్న బ్యాగులోంచి ఒక పేపర్ తీసిచ్చింది, రెండు వైపులా ప్రింటు, సోమవారం లోపల నాన్న గానీ నువ్వు గానీ సంతకం పెట్టాల లేకపోతే పేరు తీసేస్తారంట అని ఒకటే గోల. అందులో ఏముందంటే పొద్దున ఆరింటికల్లా గ్రౌండ్‌లో ఉండాల, లేటైతే గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు, ప్రాక్టీసుకి మూడుసార్లు రాకపోతే టీంలోంచి తీసేస్తారు, ఎఫ్ఏ పరీక్షల్లో, అదే ఏడు మధ్యలో స్కూల్లో పెట్టే చిన్న పరీక్షల్లో, ఏ సబ్జెక్టులో అయినా 60 శాతం కంటే తగ్గితే మ్యాచ్‌లు ఆపేస్తారు, బయట ఊరికి పోయినప్పుడు ఫోన్ అసలు తీసుకుపోకూడదు, గోళ్ళు కత్తిరించుకోవాల, జడ గట్టిగా కట్టుకోవాల, ఛార్జీలు మనవే, పేరెంట్స్ గ్రౌండ్‌లోకి రాకూడదు, మా పిల్లని ఎందుకు ఆడించలేదని సార్‌ని అడగకూడదు. ఇంతవరకూ ఏదో సర్దుకోవచ్చు గానీ చివర్లో రెండు ముక్కలున్నాయి, సంవత్సరం మధ్యలో మానేస్తే కాండక్ట్ సర్టిఫికెట్‌లో రాస్తారంట, గాయాలైతే యాజమాన్యానికి ఏ సంబంధమూ లేదంట.

మా ఆయన రొయ్యల గుంటల కాడే ఉంటాడు ఎప్పుడూ, ఫోన్ చేసి చదివి వినిపిస్తే నీ ఇష్టం అన్నాడు, అది ఆయన అన్నిటికీ చెప్పే మాటే. అన్ని స్కూళ్ళలో ఇట్టానే ఉంటాయా, లేక వీళ్ళే ఎక్కువ చేస్తుండారా? పెట్టకపోతే పిల్ల ఏడుస్తది, పెడితే రేపు కాలో చెయ్యో విరిగితే ఎవురిని అడగాల? తెలిసినోళ్ళు చెప్పండి.

నెల్లూరు ట్రంకురోడ్డు:

ఫీజు లేటైతే కరెస్పాండెంట్ గారు కూడా మనచేత రౌండ్లు కొట్టిస్తారేమో కనుక్కోండక్కా ముందు 😀

పొదిలి డ్రిల్ సార్:

అమ్మా, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని, అంటే ఆటల సార్‌ని, ప్రకాశం జిల్లా. ఆ పేపర్‌లో సగం న్యాయమే, సగం కాదు, రెండూ కలిపేసి చూడబాకండి.

ముందు ప్రాక్టీసు సంగతి. ఖో ఖోలో కోర్టు మీద తొమ్మిది మంది ఉంటారు. ఛేజింగ్ చేసేటప్పుడు ఎనిమిది మంది వరసలో కూర్చుంటారు, పక్కపక్కనోళ్ళ ముఖాలు ఒకటి ఇటు ఒకటి అటు, ఒక్కరే తరుముతారు. తరిమే పిల్ల వీపు మీద తట్టి ఖో అంటేనే కూర్చున్న పిల్ల లేవాల, ముందే లేస్తే ఫౌల్. తరిమే పిల్ల ఒక దిక్కు పట్టిందంటే చివర స్తంభం దాకా పోకుండా వెనక్కి తిరగకూడదు. ఇది నోటితో చెప్తే వచ్చేది కాదు, పక్క పిల్ల చెయ్యి ఎప్పుడు పడతదో ఒంటికి అలవాటు కావాల. మూడు రోజులు ఒకరు రాకపోతే వాళ్ళు ఒక్కరే వెనకపడరు, మొత్తం వరసే చెడిపోతది. అందుకని హాజరు గట్టిగా అడగడంలో తప్పు లేదు. అయితే జ్వరం వస్తే, ఆడపిల్లలకి నెలసరి అయితే లెక్కలోకి రాదు అని ఆ పేపర్‌లో ఉందా? లేకపోతే రాయించండి. గోళ్ళు, జడ కూడా కరెక్టే, గాజులూ పిన్నులూ కూడా వొద్దు, ఎదురు పిల్ల ముఖానికి గీసుకుంటది.

రౌండ్లంటే, ప్రాక్టీసు మొదట్లో అందరూ కలిసి మెల్లగా కొట్టేది వార్మప్, అది నేనూ చేయిస్తా. ఆలస్యంగా వచ్చిన పిల్లని నలుగురి ముందు నిలబెట్టి పది కొట్టించేది శిక్ష. విద్యాహక్కు చట్టం 2009 సెక్షన్ 17 ఉంది, పిలకాయల్ని శారీరకంగా శిక్షించకూడదు, మానసికంగా వేధించకూడదు అని. పైగా ఖాళీ కడుపుతో వచ్చినోళ్ళని మన జిల్లాల ఎండలో పరిగెత్తిస్తే కళ్ళు తిరిగి పడతారు.

మార్కుల రూల్ నేను ఒప్పుకోను, దాని గురించి వేరేవాళ్ళు చెప్తారు. గాయాల మాట మాత్రం వినండి, మీరు సంతకం పెట్టినంత మాత్రాన వాళ్ళ నిర్లక్ష్యం మాఫీ కాదు. స్కూలు తరఫున తీసుకుపోయిన పిల్లకి స్కూలే జవాబు చెప్పాల. అయినా ఆ లైను కొట్టేయమనండి, దాని బదులు ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఎవరి దగ్గర ఉంటది, ఆసుపత్రికి ఎవరు తీసుకుపోతారు అని రాయమనండి.

ఇంకొకటి, అసలు ఉండాల్సిన రూల్ మీరు చెప్పిన వాటిల్లో కనపడలే. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్ 14, అండర్ 17, అండర్ 19 అని ఉంటాయి, వయసు డిసెంబర్ 31కి లెక్క. ఎంట్రీ ఫారంలో పుట్టిన తేదీ, అడ్మిషన్ నంబరు, ఫోటో, హెచ్ఎం సంతకం అన్నీ రికార్డుతో సరిపోవాల, ఒక్క పిల్ల వయసు తప్పని తేలితే టీం మొత్తానికే చిక్కు. ఆధార్‌లో ఒక తేదీ స్కూల్లో ఒక తేదీ ఉందేమో ఇప్పుడే చూసుకోండి.

మాగుంట లేఔట్:

నేను ఇంకోలా చెప్తా, ఎవరూ తిట్టుకోబాకండి. 60 శాతం రూల్ పెట్టిన స్కూల్ మంచిది. మా వాడు తొమ్మిదిలో క్రికెట్ అని చెప్పి లెక్కలు గాలికి వదిలేశాడు, వాళ్ళ స్కూల్లో ఇట్టాంటి రూల్ ఉంటే నాకు ట్యూషన్ ఖర్చు మిగిలేది. మన పిలకాయల్లో ఎంతమంది ఇండియాకి ఆడతారు చెప్పండి? రేపు పదో తరగతి మార్కులే అడుగుతారు గానీ ఖో ఖోలో ఎంతమందిని అవుట్ చేశావని ఎవురూ అడగరు. ఆట అన్నం పెట్టదబ్బా.

చీమకుర్తి రైడర్:

అంకుల్ మీ బాధ అర్థమైంది గానీ ఆ రూల్ లోపల ఎట్టా నడుస్తదో చూసిన దాన్ని కాబట్టి చెప్తా. నేను స్కూల్లో కబడ్డీ ఆడాను, స్టేట్ మీట్ దాకా పోయాను, ఇప్పుడు డిగ్రీ. మా స్కూల్లో కూడా మార్కులు తగ్గితే టీంలో ఉండరు అని చెప్పేవాళ్ళు. ఏమైందో తెలుసా, మంచి రైడర్‌కి మార్కులు తగ్గితే సార్ వాళ్ళే స్టాఫ్ రూంలో మాట్లాడి రెండు మార్కులు కలిపించుకునేవాళ్ళు, ఎందుకంటే ఆమె లేకపోతే మ్యాచ్ పోతది. అదే బెంచీ మీద కూర్చునే పిల్లకి తగ్గితే రూల్ రూలే. మా ఫ్రెండ్ ఒకమ్మాయి టీంలో ఉండటం కోసం ఎఫ్ఏలో చిట్టీలు పెట్టడం మొదలుపెట్టింది, అంతకుముందు పాపం దానికి ఆ అలవాటే లేదు. ఇంక ఆ రూల్ వల్ల చదువు ఏం బాగుపడినట్టు?

అక్కా మీకు ముఖ్యంగా ఫోన్ సంగతి చెప్పాలి. వేరే ఊరు పోయినప్పుడు హోటల్ ఏమీ ఉండదు, అక్కడ ఏదో స్కూల్లో క్లాస్ రూముల్లో బెంచీలు పక్కకి జరిపి పడుకుంటాం. బాత్రూములు అందరికీ కలిపి ఒకటో రెండో ఉంటాయి, కొన్నిటికి గడియ కూడా ఉండదు. రాత్రి కడుపు నొప్పి వస్తే ఎవరికి చెప్పాలో తెలీదు, మాతో సారే వచ్చాడు, మేడం రాలేదు. అప్పుడు నా దగ్గర ఫోన్ లేదు, ఇంకో స్కూల్ మేడం దగ్గర అడుక్కొని అమ్మకి చేశాను. రాత్రంతా రీల్స్ చూస్తా ఉంటే పొద్దున కాళ్ళు కదలవు అది నిజమే, కాబట్టి ఫోన్ మేడం దగ్గర పెట్టుకొని పొద్దున సాయంత్రం ఇంటికి మాట్లాడించమనండి. ఆడపిల్లల టీం వెంట లేడీ టీచర్ లేకుండా పంపించను అని మీరు ఆ పేపర్ మీదనే పెన్నుతో రాయండి. నేనైతే మిగతావన్నీ వదిలేసినా ఇది వదలను.

ఇంకోటి, కబడ్డీలో బరువు చూస్తారు, ఎక్కువుంటే ఆడనివ్వరు, అందుకని కొన్ని చోట్ల ముందు రోజు నుంచి పిల్లలకి తిండి నీళ్ళు ఆపేస్తారు. ఖో ఖోలో మీకు ఆ బాధ లేదు, కబడ్డీ పిల్లల పేరెంట్స్ ఎవరైనా చదువుతుంటే ఇది కూడా అడగండి.

పొదిలి డ్రిల్ సార్:

చీమకుర్తి తల్లీ, ఉన్నది ఉన్నట్టు చెప్పావు. ఆ స్టాఫ్ రూం మాటలు నేనూ విన్నా, ఎక్కడని అడగొద్దు.

మాగుంట లేఔట్ గారూ, అన్నం సంగతి అన్నారు కాబట్టి, 2025 మెగా డీఎస్సీలో, అదే టీచర్ ఉద్యోగాల భర్తీలో, 3 శాతం స్పోర్ట్స్ కోటా ఇచ్చారండి, అంతకుముందు 2 శాతమే. 2025 జనవరిలో ఢిల్లీలో ఖో ఖో మొదటి వరల్డ్ కప్ జరిగితే ఆడవాళ్ళూ మగవాళ్ళూ రెండు ఫైనల్స్‌లోనూ మనమే నేపాల్‌ని ఓడించాం, మగవాళ్ళ జట్టులో మన ఆంధ్రా నుంచి పోతిరెడ్డి శివారెడ్డి ఉన్నాడు. అందరూ అంతదాకా పోరు, నేను కాదనను. నేను చెప్పేది ఏందంటే మార్కులు తగ్గిన పిల్లని ఆపేసే బదులు ఆ సబ్జెక్ట్ టీచర్ చేత ప్రాక్టీసు అయ్యాక అరగంట కూర్చోబెట్టించండి. మీట్‌లకి పోయిన రోజుల్లో క్లాసులు పోతాయి కదా, ఆ నోట్సు ఎవరిస్తారు? పంపించింది స్కూలే, మార్కులు తగ్గాయని తిట్టేదీ స్కూలే, ఇదేం న్యాయం?

మాగుంట లేఔట్:

నోట్సు పాయింట్ ఒప్పుకుంటా సార్. మిగతాది నా అభిప్రాయం నాది.

ఒంగోలు ఖాకీ నాన్న:

మా వాడు ఎన్‌సీసీ జూనియర్ డివిజన్, ఒంగోలు. అక్కడ రూల్స్ ఇంతకంటే గట్టివి, కటింగ్ దగ్గర్నుంచి బూట్ల పాలిష్ దాకా. కానీ మాకు ఎప్పుడూ గొడవ అనిపించలే, ఎందుకంటే మొదటి రోజే తెలుసు రెండేళ్ళు ఉండాలి, పరేడ్లకి 75 శాతం హాజరు ఉండాలి, ఒక క్యాంపుకి పోవాలి, అప్పుడే ‘ఎ’ (A) సర్టిఫికెట్ పరీక్షకి కూర్చోనిస్తారు. ఇంత చేస్తే ఇది వస్తది అని రెండు వైపులా లెక్క ఉంది. మీ పేపర్‌లో పిల్ల చేయాల్సినవే ఉన్నాయి గానీ స్కూల్ చేసేది ఒక్క ముక్క లేదు, నాకైతే అదే తేడా కొడతా ఉంది. ప్రాక్టీసు అయ్యాక రెండు గుడ్లో గుప్పెడు వేరుశనక్కాయలో ఇస్తారా, బస్సు ఎవరు మాట్లాడతారు, పిల్ల తిరిగొచ్చే టైం ఎవరు చెప్తారు? ఫీజులో స్పోర్ట్స్ అని ఒక లైను ఉంటది చూడండి, ఆ డబ్బులు కట్టించుకొని మళ్ళీ ఛార్జీలు మనవే అంటే ఎట్టా, రసీదు తీసుకుపోయి అడగండి.

కాండక్ట్ సర్టిఫికెట్ బెదిరింపు మాత్రం చాలా తప్పండి. ఆట మానేయడం నడవడిక చెడిపోవడమా? మధ్యలో మానేస్తే టీం దెబ్బతింటది, జెర్సీ తిరిగి ఇవ్వమనండి, వచ్చే ఏడు సెలక్షన్లో వెనక నిలబెట్టమనండి, అక్కడికి చాలు.

ఒక్క విషయంలో మాత్రం స్కూల్ వైపే మాట్లాడతా. పేరెంట్స్‌ని గ్రౌండ్‌లోకి రానీయకపోవడం నూటికి నూరు కరెక్ట్. ఒకసారి మా వాడి వాలీబాల్ మ్యాచ్‌లో ఒకాయన రెఫరీ మీదికి పోయి చొక్కా పట్టుకున్నాడు, ఆయన కొడుకు అవమానంతో తల దించుకొని నిలబడ్డాడు. బయట కూర్చొని చప్పట్లు కొట్టుకుందాం మనం.

నెల్లూరు ట్రంకురోడ్డు:

జోకులు పక్కన పెడితే, అక్కా ఒక్కరే పోవద్దు. టీంలో మిగతా పిల్లల అమ్మానాన్నల్ని వాట్సాప్‌లో కలుపుకోండి, నలుగురైదుగురు కలిసి పోండి. ఒక్కరే పోతే మీ పాపనే ప్రాబ్లం పేరెంట్ కూతురు అంటారు, అది మాకు జరిగింది.

కావలి అమ్మ:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత రాస్తారనుకోలా. శనివారం ఇంకో ముగ్గురు అమ్మలతో కలిసి పోయి హెచ్ఎం మేడంని కలిశాం. మొదట ఇది మేనేజ్‌మెంట్ పేపరు, మా చేతిలో లేదు అనింది, ఒకామె ఫీజు రసీదు తీసి టేబుల్ మీద పెట్టేసరికి కూర్చోండి అనింది. గాయాల లైను, కాండక్ట్ సర్టిఫికెట్ లైను రెండూ పెన్నుతో కొట్టేసి మేడమే పక్కన సంతకం పెట్టింది. లేడీ టీచర్ లేకుండా పంపించం అని రాసింది, ఫోన్ ఆ టీచర్ దగ్గరే ఉంటది, రాత్రి ఎనిమిదింటికి ఇంటికి మాట్లాడిస్తారు. నెలసరి, జ్వరం లెక్కలోకి రావు. రౌండ్ల గురించి అడిగితే మాటతో సరే అనింది గానీ రాయలా, చూద్దాం. ఛార్జీలు మాత్రం మనవే అంట, సగం అన్నా పెట్టుకోండి అంటే కరెస్పాండెంట్ గారిని అడిగి చెప్తాం అనింది, ఆ జవాబు రాదులెండి. మార్కుల రూల్ కూడా ఉంది గానీ వెంటనే ఆపరు, ముందు మమ్మల్ని పిలిచి మాట్లాడతారంట. నేను సంతకం పెట్టేశాను.

డ్రిల్ సార్ చెప్పినట్టు ఆధార్ చూస్తే పాప పుట్టిన తేదీలో నెల తేడా ఉంది సార్! ఆధార్ సెంటర్‌కి పోవాల. మండల పోటీల లోపల కాకపోతే ఏం చేయాల?

పొదిలి డ్రిల్ సార్:

ఈరోజే పోండి అమ్మా, బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ తీసుకుపోండి, దాంట్లో ఉన్న తేదీనే ఆధార్‌లోకి ఎక్కించుకోండి. స్కూల్ రికార్డులో ఉండేది కూడా బర్త్ సర్టిఫికెట్‌తో కలుస్తుందో లేదో హెచ్ఎం గారి దగ్గర అడ్మిషన్ రిజిస్టర్ చూడండి. అప్‌డేట్‌కి ఇచ్చిన రసీదు జిరాక్స్ మీ పీఈటీ సార్‌కి ఇప్పుడే ఇచ్చేయండి, ఫారం నింపే రోజు దాకా ఆగబాకండి. షూ కూడా కొత్తది మ్యాచ్ రోజు వేయనీయొద్దు, బొబ్బలు లేస్తాయి.