అగ్గి తెగులుకి కైటోసాన్ పనిచేస్తుందా? వాడినవాళ్లు చెప్పండి

తెనాలి రైతు: సార్వాలో సాంబ మసూరి వేశాను, ఇంకో పది రోజుల్లో పొట్టకొస్తుంది. నాలుగు రోజులుగా మబ్బు, రాత్రిళ్లు చలి, తెల్లారేసరికి ఆకుల నిండా మంచు. పోయినేడు ఇలాంటప్పుడే అగ్గి తెగులు తగిలి, వెన్నుల మెడలు విరిగి సగం తాలు గింజలే మిగిలాయి, అందుకే టెన్షన్‌గా ఉంది. మందుల షాపాయనేమో ఎప్పుడూ కొట్టే బూజు మందు ట్రైసైక్లజోల్ బదులు కైటోసాన్ కొట్టమంటున్నాడు, రొయ్య పెంకుల్లోంచి తీసిందట, విషం కాదట. నమ్మొచ్చా?

వ్యవసాయ విద్యార్థి: మచ్చలు పడ్డాయా లేదా, ముందు అది చెప్పండన్నా. రొయ్య పెంకులో ఉండే కైటిన్ అనే పదార్థమే ఈ తెగులు తెచ్చే బూజు కణాల గోడల్లోనూ ఉంటుంది, కైటోసాన్ దాన్నుంచి తీసిందే కాబట్టి ఆకు మీద పడగానే వరి మొక్క బూజు వచ్చేసిందనుకుని కణాల గోడలు గట్టిపరుచుకుని తన రక్షణ మొదలుపెడుతుంది. దానికి టైమ్ కావాలి, అందుకని తెగులు రాకముందే కొట్టాలి. యూరోపియన్ యూనియన్ 2014లో కైటోసాన్ హైడ్రోక్లోరైడ్‌ని ఒప్పుకున్నది కూడా మొక్క రక్షణ శక్తిని లేపే పదార్థంగానే, ధాన్యపు పంటలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

భీమవరం నుంచి: మా వైపు కొందరు రొయ్య పొట్టు నానబెట్టి ఆ నీళ్లే కొడుతున్నారు, అది కైటోసాన్ కాదండీ! పెంకులో సున్నాన్ని యాసిడ్‌తో, మాంసకృత్తుల్ని క్షారంతో తీసేసి, మిగిలిన కైటిన్‌ని ఘాటైన కాస్టిక్ సోడాలో కాచితే వచ్చేది కైటోసాన్. అది మామూలు నీళ్లలో కరగదు, కొంచెం పులుపు ఉండాలి. నేను తెలియక రాగి మందుతో కలిపితే ట్యాంకు జల్లెడ మీద విరిగిన పాలలా తెల్లటి ముద్దలు కట్టి నాజిల్ మూసుకుపోయింది, పూటంతా కడుక్కోవడమే సరిపోయింది. దేంతోనూ కలపకుండా విడిగా కొట్టండి.

తెనాలి రైతు: ఇప్పుడే చేలోకెళ్లి చూశా. యూరియా ఎక్కువ పడిన గట్టు పక్క మడిలో కింది ఆకుల మీద నూలు కండె ఆకారంలో మచ్చలున్నాయి, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు. మిగతా మూడు మడులు శుభ్రంగా ఉన్నాయి.

వ్యవసాయ విద్యార్థి: అది అగ్గి తెగులేనన్నా. ఆ మడికి కైటోసాన్ సరిపోదు, లీటరు నీటికి 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ కలిపి రేపే కొట్టించండి. యూరియా ఆపేయండి, చేను ఎండనివ్వకండి. పక్క మడులే కాబట్టి నేనైతే వాటికీ ఈసారి అదే కొడతాను, కైటోసాన్ వచ్చే పంటలో పిలకల దశ నుంచే ఒక మడిలో కొట్టి చూడండి.

తెనాలి రైతు: సరే తమ్ముడూ, పొద్దున్నే మంచు ఆరగానే మొదలుపెడతా. వారం తర్వాత ఆకుల ఫోటోలు పెడతాను.